జడ్జిగారు సరే, గుమస్తా ఎవరు?

ఎక్కడైనా ఏదైనా ఘోరం జరిగి ప్రభుత్వం విచారణ కమిషన్ వేసిందంటే చాలు, టీవీలో, పేపర్లో, మా కాలనీ పార్కులో ఒకటే ప్రశ్న: "జడ్జి ఎవరట?" ఆయనది ఏ ఊరు, ఎవరి హయాంలో ఏ పదవిలో ఉన్నాడు, ఎవరికి దగ్గర, ఎవరికి దూరం. రెండు రోజులు అదే గోల. ఆయన పక్కన సెక్రటరీగా ఎవరు కూర్చుంటున్నారు, ఫైళ్లు విప్పి చూసేదెవరు, సాక్షి నోట్లోంచి వచ్చిన మాట కాగితం మీద పెట్టేదెవరు అని అడిగినవాణ్ణి ఈ పదేళ్లలో ఒక్కణ్ణి చూడలేదు నేను. మా రోజుల్లో ఇది అందరూ అడిగేవారు. సచివాలయంలో టీ దుకాణం దగ్గర కూడా అడిగేవారు.

నేను స్టెనోగా ఉద్యోగంలో చేరింది 1977లో, హైదరాబాదులో. సర్వీసు మొత్తంలో మూడు విచారణ కమిషన్లకు డిప్యుటేషన్ మీద వెళ్లాను. వాటి పేర్లు ఇక్కడ రాయను. అక్కడ విన్నవీ చూసినవీ నా సొంత ఆస్తి కావు. కానీ కమిషన్ అనే ఇల్లు ఎలా లేస్తుందో, దాన్ని ఎవరు మోస్తారో పునాది దగ్గర నిలబడి చూసినవాణ్ణి కనుక చెప్పే హక్కు ఉందనుకుంటాను.

నేను చేరిన ఏడాది దేశమంతా కమిషన్ల గాలి వీస్తోంది. ఢిల్లీలో ఎమర్జెన్సీ మీద షా కమిషన్. ఇక్కడ జలగం వెంగళరావు గారి ప్రభుత్వం మీద వచ్చిన ఆరోపణలకు విమదలాల్ కమిషన్, ఎన్‌కౌంటర్ల మీద భార్గవ కమిషన్. స్టెనోలకు గిరాకీ ఉన్న కాలం. నిమిషానికి నూట ఇరవై మాటలు అందుకోగలిగిన కుర్రాణ్ణి ఏ శాఖా వదులుకునేది కాదు, అయినా కమిషన్ అడిగితే పంపేవారు.

కమిషన్ పుట్టుక గురించి చెబుతాను, ఎందుకంటే రాత్రి తొమ్మిదింటికి చర్చల్లో కూర్చునే పెద్దమనుషుల్లో సగం మంది ఆ చట్టం తెరిచి చూసినట్టు కనబడరు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం. చాలా చిన్నది, ఒక పూటలో చదివేయవచ్చు. ప్రజలకు ముఖ్యమైన ఒక నిర్దిష్ట విషయం మీద విచారణ అవసరమని ప్రభుత్వానికి తోస్తే కమిషన్ వేయవచ్చు. పార్లమెంటు ఉభయసభలు గానీ రాష్ట్ర చట్టసభ గానీ తీర్మానం చేస్తే మాత్రం వేసి తీరాలి. అలా ఏర్పడ్డ కమిషన్‌కు సివిల్ కోర్టుకుండే అధికారాలు కొన్ని వస్తాయి: సమన్లు పంపి సాక్షిని రప్పించడం, ప్రమాణం చేయించడం, అఫిడవిట్లు తీసుకోవడం, ఏ ఆఫీసు నుంచైనా రికార్డు తెప్పించడం. శిక్ష వేసే అధికారం లేదు. దాల్మియా కేసులో 1958లోనే సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చి చెప్పింది. కమిషన్ చేతిలో ఉన్నది నిజం రాసే కలం ఒక్కటే. అందుకే ఆ కలం ఎవరు పట్టుకున్నారన్నది నాకంత పట్టింపు.

కమిషన్ వేసినప్పుడు జీవోలు రెండు వస్తాయి. మొదటిది గెజిట్‌లో వచ్చేది, పేపర్లలో పడేది: జడ్జి ఎవరు, దేని మీద విచారణ, ఎన్నాళ్లలో నివేదిక. రెండోది ఎవరి కంటా పడదు. అందులో పోస్టులు మంజూరు చేస్తారు. సెక్రటరీ ఒకరు, సెక్షన్ ఆఫీసరు ఒకరు, ఇద్దరు స్టెనోలు, టైపిస్టులు, లెక్కలు చూసేవాడు, దఫేదారు, అటెండర్లు, డ్రైవరు. వీళ్లు కూర్చోవడానికి గదులు, బీరువాలు, టైపు మిషన్లు, ఖర్చుకు పద్దు. మా మొదటి కమిషన్లో తెలుగు టైపు మిషన్ రావడానికే నెల పట్టింది. ఆ నెలంతా మా సెక్రటరీగారు రోజూ ఫోన్లో అడుగుతూనే ఉన్నారు, తెలుగు సాక్షులుండగా తెలుగు మిషన్ లేకుండా విచారణ మొదలుపెట్టేది లేదని. ఆయన జిల్లా జడ్జి స్థాయి మనిషి. హైకోర్టు నుంచి వచ్చినవాడు. సచివాలయంలో ఆయనకు భయపడాల్సిన పైఅధికారి లేడు, ముందు ముందు మంచి పోస్టింగ్ ఇమ్మని చేయిచాచాల్సిన మంత్రీ లేడు. ఆ ఎంపికలోనే సగం పని అయిపోయింది.

మా సూపరింటెండెంటుగారు కూడా కోర్టుల నుంచి వచ్చినవాడే. ఆయన దగ్గర నేర్చుకున్నది ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు. ఒకరోజు ఒక శాఖ నుంచి ఫైలు వచ్చింది. నోటు ఫైల్లో ఒక చోట "కరెంటు ఫైలు 47వ పేజీ చూడగలరు" అని ఉంది. 47వ పేజీ తీస్తే ఏదో ఫర్నిచరు కొనుగోలు ఉత్తరం. దానికీ విషయానికీ పొంతన లేదు. నేను పేజీ నంబరు తప్పు వేశారేమో అన్నాను. ఆయన మాట్లాడకుండా కాగితాలు దారం దగ్గర పట్టుకుని, ఒక్కొక్కదాని మూల మీద వేలితో తడుముతూ పోయారు. "ఇటు రావోయ్, కన్నం చూడు" అన్నారు. పాత కాగితాలన్నిటికీ ట్యాగు కన్నం లాగి లాగి వెడల్పయింది, అంచు చిరిగింది. 47వ కాగితానికి కన్నం గుండ్రంగా, నిన్న పొడిచినట్టుంది. పైన ఎర్ర సిరాతో వేసిన నంబరు కూడా మిగతావాటికంటే నిగనిగలాడుతోంది. అసలు ఉత్తరం తీసేసి దాని స్థానంలో మరొకటి కుట్టారు. ఆయన కేకలు వేయలేదు. జడ్జిగారి గదిలోకి వెళ్లి, ఆ ఉత్తరం పంపిన జిల్లా ఆఫీసు డెస్పాచి రిజిస్టరూ, వాళ్ల దగ్గరుండే ఆఫీసు కాపీనీ తెప్పించమని మనవి చేశారు. పది రోజుల్లో వచ్చింది. ఆ విచారణ మొత్తం ఆ ఒక్క ఉత్తరం మీద తిరిగింది.

కొన్నేళ్ల తర్వాత నేను వెళ్లిన మరో కమిషన్లో సెక్షన్ ఆఫీసరును ఎక్కణ్ణించి తెచ్చారో తెలుసా? ఏ శాఖ మీద విచారణో ఆ శాఖ నుంచే. "ఆయనకు ఫైళ్లన్నీ తెలుసు, పని త్వరగా అవుతుంది" అన్నారు. నిజమే, ఫైళ్లన్నీ తెలుసు. తన పైఅధికారి సంతకమున్న ఫైలు తన చేత్తో తెరిచి, దాంట్లో కన్నం చూపించి, మళ్లీ ఆరు నెలలకు అదే పైఅధికారి కింద పనికి వెళ్లాలి పాపం. ఆయనకు పెళ్లి కావలసిన ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. అక్కడికి పంపినవాళ్లది తప్పు. ఆ కమిషన్లో ఒక్క కాగితం మూల మీద కూడా ఎవరూ వేలు పెట్టలేదు.

ఇది చట్టంలోనే ఉన్న చిక్కు. 1971లో చేర్చిన 5ఎ సెక్షన్ ప్రకారం కమిషన్ ప్రభుత్వ అధికారులనూ దర్యాప్తు సంస్థలనూ వాడుకోవచ్చు. అయితే ఆ ప్రభుత్వం ఒప్పుకోవాలి. జీతం ప్రభుత్వానిది, గది ప్రభుత్వానిది, గడువు ప్రభుత్వానిది. ఇన్ని అప్పు తెచ్చుకున్న ఇంట్లో స్వతంత్రత ఎక్కడుంటుందంటే, ఎవరిని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో గట్టిగా అడిగే జడ్జిలో, ఆ మాట వినే ప్రభుత్వంలో ఉంటుంది. పూర్వం అడిగేవారు. నాకీ మనిషి కావాలి, ఆ మనిషి వద్దు అని రాసి పంపేవారు. ఇప్పుడు ఇచ్చినవాళ్లతో సర్దుకుపోతున్నారు.

మా సూపరింటెండెంటుగారికి చాగ్లా కమిషన్ అంటే ప్రాణం. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడల్లా ఆ కథే. ఎల్ఐసీ పుట్టి రెండేళ్లు కాకుండానే ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో కోటీ పాతిక లక్షల దాకా పెట్టింది. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు. సొంత పార్టీ ప్రభుత్వాన్నే. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా గారిని ఏకసభ్య కమిషన్‌గా వేశారు. ఆయన విచారణ బాహాటంగా జరిపారు. జనం లోపల పట్టకపోతే బయట లౌడ్‌స్పీకర్లు పెట్టించారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి వచ్చి సాక్ష్యం చెప్పారు. మూడున్నర వారాల్లో పని ముగిసింది. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశారు. "అడిగిన ప్రశ్న ఒక్కటేనోయ్, ఆ పెట్టుబడి ఎలా జరిగింది, బాధ్యులెవరు. అందుకే తొందరగా తేలింది" అనేవారు మా సూపరింటెండెంటుగారు. ఇప్పటి జీవోల్లో విచారణాంశాలు చూడండి. గోనెసంచిలా ఉంటాయి. పదేళ్ల నిర్ణయాలు, పది శాఖలు, చివర "మరియు ఇతర సంబంధిత విషయములు". ఇంత అడిగితే తేలేది ఏముంటుంది?

పెద్ద విచారణలు ఆలస్యమవక తప్పదంటారు. షా కమిషన్‌కు 48 వేల ఫిర్యాదులు వచ్చాయి. 1977 మేలో ఏర్పడి, మూడు నివేదికలిచ్చి, 1978 ఆగస్టుకు పని ముగించింది. అంత రాశిని జల్లెడ పట్టడానికి తగినంత మంది దర్యాప్తు అధికారులను ఇచ్చారు కనుక కుదిరింది. బాబ్రీ మసీదు కూల్చివేత మీద 1992 డిసెంబరులో వేసిన లిబర్హాన్ కమిషన్‌కు మూడు నెలలు గడువిచ్చారు. 48 సార్లు పొడిగించారు. 2009 జూన్ చివర నివేదిక వచ్చింది. పదహారున్నరేళ్లు! మొదట సాక్ష్యం చెప్పినవాళ్లలో ఎందరు బతికున్నారో ఎవరికి తెలుసు.

పోనీ మన దగ్గర? మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగాయి. 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషన్ వేశారు. వంద రోజుల గడువన్నారు. నివేదిక అందింది 2025 జూలై 31న. ఆ కమిషన్‌లో పనిచేసినవాళ్లను నేనేమీ అనడం లేదు. నది అడుగున ఇసుక ఎలా కదిలిందో, ఏ డిజైను ఎవరు మార్చారో, ఏ బిల్లు ఎప్పుడు చెల్లించారో చూడటం వంద రోజుల పని కాదని ఆ జీవో టైపు చేసిన పిల్లవాడికి కూడా తెలిసి ఉంటుంది. మరి వంద అని ఎందుకు రాశారు? గడువు చిన్నదిగా రాయడమంటే కమిషన్‌ను మూడు నెలలకోసారి పొడిగింపు కోసం ప్రభుత్వం గుమ్మం ముందు నిలబెట్టడం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తలవంచి అడగాల్సిన అవసరం లేకుండా మొదట్లోనే ఏడాది ఇవ్వండి. ఇచ్చి, ఆ ఏడాదికి సరిపడా మనుషుల్ని ఇవ్వండి.

సాక్ష్యం రాసుకోవడం గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు, అది నా పని.

ఒక గ్రామానికి క్యాంపు వెళ్లాం. బడి గదిలో విచారణ. ఒక కూలీ అమ్మ, యాభై ఏళ్లుంటాయి, సాక్ష్యం చెబుతోంది. ఆ అధికారి వాళ్ల వాడకొచ్చి ఏం చేశాడని అడిగితే "కండ్లెర్రజేసిండు సారూ" అంది. జడ్జిగారు వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. దుబాసీ ఇంగ్లీషులో ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయన్నాడు, నేను అదే రాశాను. వెంటనే అవతలి వకీలు లేచాడు. "ఆయన తాగి ఉన్నాడని నీ ఆరోపణా?" అని అడిగాడు. ఆ అమ్మ తెల్లబోయింది. తాగిండో లేదో నేనేం జూసిన సారూ అంది. సాక్షి మాట మారుస్తోందని ఆయన రాయించుకున్నాడు. సాయంత్రం ఆమె వాంగ్మూలం తెలుగులో చదివి వినిపించాలి. మా సెక్రటరీగారి నియమం అది. ఎంత చీకటి పడినా, లాంతరు పెట్టుకునైనా సరే, మొత్తం చదవాల్సిందే. నేను ఆ వాక్యం చదవగానే ఆమె చెయ్యెత్తి ఆపింది. "నేను గట్ల జెప్పలే. బెదిరించిండన్న. కండ్లెర్రజేసుడంటే గదే గద!" నేను పరుగెత్తుకెళ్లి సెక్రటరీగారికి చెప్పాను. జడ్జిగారు అప్పటికే జీపెక్కబోతున్నారు. దిగొచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుని, వకీళ్లను పిలిపించి, వాళ్ల ఎదుటే ఆ వాక్యం దిద్దించి, దిద్దిన చోట చేవ్రాలు చేశారు. "చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను" అని రాసి ఆమె చేత నిశాని వేయించాను. ఆ వేలిముద్ర ఊదా రంగు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

ఈ మధ్య ఒక బహిరంగ విచారణ చూద్దామని వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. కంప్యూటర్లున్నాయి, ఏసీ ఉంది. తెర వకీళ్లవైపు తిరిగి ఉంది. సాక్షి ఒక ముసలి రైతు. ఆయన మాట్లాడాడు, టకటక కొట్టారు, ప్రింటు తీశారు, సంతకం పెట్టమన్నారు. చదవలేదు. ఆయన అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆ కాగితం మీద మాత్రం "చదివి వినిపించగా" అనే వాక్యం ముందే అచ్చయి ఉంది. నాకు అక్కడే లేచి అరవాలనిపించింది. అరవలేదు, ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు.

అంతా పాతదే బంగారమని నేననను. భార్గవ కమిషన్ సంగతే ఉంది. ఎన్‌కౌంటర్ల మీద బాహాటంగా మొదలైన విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. చివరికి ఆ కమిషన్ పని పూర్తికాకుండానే ఆగిపోయింది. కన్నబిరాన్ గారి లాంటి వకీలు వాదించినా అంతే అయింది. 1978లో నల్లకుంట పోలీసుల ఘోరం మీద జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల దోషాన్ని స్పష్టంగా రాసింది. అత్యాచారం, హత్య రెండూ. కేసు రాయచూరు కోర్టుకు వెళ్లాక నిందితులు విడుదలయ్యారు. కమిషన్ ముందు ఒకరు చెప్పిన మాటను కోర్టులో వాళ్లమీదే వాడటానికి ఆరో సెక్షన్ ఒప్పుకోదు. కోర్టులో కేసు మళ్లీ మొదటి నుంచి నిరూపించాలి. అందుకే కమిషన్ దగ్గర దొరికిన కాగితాన్ని, పేరును, తేదీని దర్యాప్తు అధికారికి అందేలా జాగ్రత్తగా భద్రపరిచే సిబ్బంది ఎంత ముఖ్యమో అప్పుడే మాకు బోధపడింది. ఒక్క నివేదికతో పని కాదు. అనుబంధాల పెట్టెల్లో ఉంటుంది అసలు సరుకు.

నోరు కట్టేసుకోవడం కూడా మా రోజుల పద్ధతి. మా జడ్జిగారు విచారణ సాగినన్నాళ్లు పెళ్లిళ్లకు కూడా వెళ్లలేదు. స్టెనోల నోట్‌బుక్కులు సాయంత్రం లెక్కపెట్టి బీరువాలో పెట్టి, తాళం వేసి లక్క సీలు వేసేవారు. వాడిన కార్బన్ కాగితాలు తగలబెట్టేవారు, వెలుతురుకు పట్టి చదవొచ్చని. ఇప్పుడు నివేదిక ముఖ్యమంత్రి చేతికి అందకముందే టీవీలో పేజీలు తిరుగుతాయి. 2024లో తెలంగాణ విద్యుత్ కొనుగోళ్ల మీద వేసిన కమిషన్ అధ్యక్షుడు విచారణ నడుస్తుండగానే విలేకరుల ముందు మాట్లాడటాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆయన స్థానంలో జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. అంతకుముందు ఆ కమిషన్ సిబ్బంది పడ్డ శ్రమ, రాసుకున్న మాటలు ఏమయ్యాయా అనే నాకు బెంగ. జడ్జి నోరు జారితే మోసేది కింద ఉన్న గుమస్తాలే.

ఇక నివేదిక ఇచ్చాక ఆరు నెలల్లో, తీసుకున్న చర్యల పత్రంతో సహా సభ ముందు పెట్టాలి. 1971లో వచ్చిన మంచి నియమం అది. 1986లో, ఇందిరాగాంధీ హత్య మీద వేసిన ఠక్కర్ కమిషన్ నివేదికను దాచడానికి ఆ చట్టాన్నే మార్చారు. 1990లో ఆ మార్పును కొట్టేశారు. ఆరు నెలల నియమం మాత్రం కాగితం మీద ఉన్నంత గట్టిగా ఆచరణలో లేదు. దాని గురించి నేను చెప్పక్కర్లేదు, అందరూ రాస్తున్నారు.

మా తమ్ముడి మనవడు పేపర్లో పనిచేస్తాడు. నిన్నగాక మొన్న వచ్చి "తాతయ్యా, మళ్లీ ఒక కమిషన్ వేశారు, చూడు" అని జీవో కాపీ నా చేతిలో పెట్టాడు. కళ్లజోడు సర్దుకుని చదివాను. జడ్జిగారి పేరుంది, మంచి పేరే. విచారణాంశాలు తొమ్మిదున్నాయి. గడువు మూడు నెలలు. "రెండో జీవో ఏదిరా?" అని అడిగాను. రెండోదేమిటి అన్నాడు. సెక్రటరీ ఎవరు, సెక్షన్ ఆఫీసరును ఏ శాఖ నుంచి తెస్తున్నారు, తెలుగు తెలిసిన స్టెనో ఉన్నాడా, ఈ-ఆఫీసులో ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో చూపించే లాగ్ అడిగే మనిషి ఎవరన్నా ఉన్నారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. కన్నాలు చూసే కాలం పోయినా ఆ లాగ్ ఉంది, అడిగేవాడుంటే కన్నం కంటే గట్టి సాక్ష్యం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

రాత్రి ఫోన్ చేశాడు. సచివాలయంలో నలుగురిని అడిగాడట. పోస్టులు ఇంకా మంజూరు కాలేదట, విచారణ మాత్రం సోమవారం మొదలవుతుందట.